మందు కొట్టే చేతులు, ప్రజారోగ్య సిబ్బంది లెక్కలు

మన భాషలో 'మందు' అనే మాటకు మూడర్థాలున్నాయి. జబ్బు చేస్తే వేసుకునేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, బ్రాందీ షాపులో అమ్మేదీ మందే. పర్చూరు వైపు నుంచో పల్నాడు నుంచో ఒక కూలీని ఆటోలో పడేసుకుని ఆస్పత్రికి తెస్తారు. వెంట వచ్చిన మనిషి "మందు కొట్టొచ్చి పడిపోయాడండీ" అంటాడు. డ్యూటీలో ఉన్న డాక్టరుకు అందులో ఏ మందు వినపడుద్ది? తాగి పడ్డాడనుకోవచ్చు. "కాదండీ, పురుగుమందు" అని సరిదిద్దితే, పురుగుమందు తాగాడని రాసుకోవచ్చు, ఆత్మహత్యాయత్నం కింద పోలీసు కేసూ కావచ్చు. ఎదురుగాలిలో పంపు భుజానేసుకుని పొద్దున్నుంచీ పిచికారీ చేసి, చొక్కా వీపుకు అంటుకుపోయి, చర్మంలోంచీ ఊపిరిలోంచీ విషం ఎక్కించుకున్నాడనే మూడో సంగతి రాయాలంటే ఎవరో ఒకరు అతన్ని "ఏం పని చేస్తావు? ఇయ్యాల ఏం కొట్టావు? ఎంతసేపు కొట్టావు?" అని అడగాలి. అలా అడగడం ఎవరి ఉద్యోగం అన్నదే ఈ వ్యాసంలో మా ప్రశ్న.

సాహిత్య విమర్శకులు కథను తీసుకుని అందులో ఎవరున్నారు, ఎవరు లేరు అని చూస్తారు. ఈసారి మేం విమర్శకు తీసుకున్న రచన ఒక పట్టిక. భారత ప్రజారోగ్య ప్రమాణాలు అనే పేరుతో కేంద్ర ఆరోగ్యశాఖ 2007లో తెచ్చి, 2012లోనూ 2022లోనూ సవరించిన పత్రాల్లో ఉండే సిబ్బంది పట్టిక. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి డాక్టరు, నర్సులు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియను, ఆడ ఆరోగ్య కార్యకర్త, వాళ్లమీద సూపర్‌వైజర్లు. చూడటానికి చాలా శాస్త్రీయంగా ఉండుద్ది. పని వల్ల వచ్చే జబ్బులు చూసే మనిషి మాత్రం ఆ పట్టికలో ఎక్కడా లేడు.

పోస్టులు ఆకాశంలోంచి ఊడిపడవు. ఒక్కో పోస్టు వెనక ప్రభుత్వానికున్న ఒక్కో భయం ఉంటుంది. జనాభా పెరుగుతుందన్న భయం ఎ.ఎన్.ఎం.ను పల్లెకు పంపింది. మలేరియా భయం, క్షయ భయం ల్యాబ్ టెక్నీషియన్ను తెచ్చాయి. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద ఆరోగ్య కేంద్రాలకు పన్నెండు రకాల సేవలు నిర్ణయించారు: గర్భిణులు, శిశువులు, పిల్లలు, కుటుంబ నియంత్రణ, అంటురోగాలు, మామూలు జబ్బులు, షుగరు బీపీల వంటివి, కన్నూ చెవీ, పళ్లు, ముసలితనం, అత్యవసరం, మనసు. పన్నెండింటిలోనూ మనిషి పుడతాడు, పెరుగుతాడు, ముసలివాడవుతాడు, పిచ్చివాడు కూడా అవుతాడు. పని మాత్రం చెయ్యడు. కూలి చేసుకుని బతికే కులాల మీద ఇంతకంటే పెద్ద పరాచికం ఉంటుందా?

మగ ఆరోగ్య కార్యకర్త సంగతి ఇక్కడే చెప్పాలి. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఉపకేంద్రానికి ఒక ఆడ, ఒక మగ కార్యకర్త ఉండాలంది. ఆడ కార్యకర్త జీతం కుటుంబ సంక్షేమం పద్దు కింద కేంద్రం భరించింది. మగ కార్యకర్త జీతం రాష్ట్రాల నెత్తిన పడింది. అందుకే దేశమంతటా ఏళ్ల తరబడి ఎక్కువగా ఖాళీగా ఉంటూ వచ్చినవి ఆ మగ పోస్టులే. చేలగట్ల మీద తిరిగి, మిల్లు గేటు దాకా పోయి చూడగలిగే మనిషంటూ ఈ వ్యవస్థలో ఎవరైనా ఉంటే అతనే. ఎవరి ఖర్చో తేలక ఆ కుర్చీ ఖాళీ అయింది. దాన్ని మనం 'సిబ్బంది కొరత' అని పిలుస్తున్నాం. కొరత అంటే వానలు లేక వచ్చేది. దీనికి బడ్జెట్ పద్దులు కారణం.

చట్టం వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి బయటపడుద్ది. 1946లో భోర్ కమిటీ 40,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమని లెక్కకట్టింది, పారిశ్రామిక కార్మికుల ఆరోగ్యం గురించి విడిగా చర్చించింది. తర్వాత ఆ రెండూ రెండు శాఖలకు పోయాయి. ఫ్యాక్టరీ కార్మికుడి ఊపిరితిత్తులు కార్మికశాఖవి, పల్లె జనం ఊపిరితిత్తులు వైద్యశాఖవి. మన జనం పొద్దున చేలో, మధ్యాహ్నం కల్లంలో, సీజనులో జిన్నింగ్ మిల్లులో. వాళ్ల ఊపిరితిత్తులు ఏ శాఖవి?

1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టాన్ని తెరిచి చదవండి. సీజనల్ ఫ్యాక్టరీలకు వర్తించదని మొదట్లోనే చెప్పి, సీజనల్ అంటే ఏమిటో జాబితా ఇచ్చారు. ఆ జాబితాలో మొట్టమొదటి పేరు పత్తి జిన్నింగ్. తర్వాత పత్తి, జనుము బేళ్లు కట్టడం, ఆ తర్వాత వేరుశనగ కాయ వలవడం. గుంటూరు, ప్రకాశం జిల్లాల మిల్లు పనుల పట్టీ ఎవరో చూసి రాసినట్టుంటది! ఈ చట్టానికి పునాది వేసిన అడార్కర్ నివేదిక 1944లో వచ్చింది, అప్పుడు వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరు డాక్టర్ అంబేడ్కర్. చట్టం అయ్యేనాటికి కార్మికమంత్రి జగ్జీవన్ రామ్. శాఖ పైన మనవాళ్లుండి కూడా మన మిల్లు బయటే ఉండిపోయిందంటే కుర్చీలో ఎవరు కూచున్నారన్నది ఒక్కటే సరిపోదని తెలుస్తుంది. ఏడాది పొడుగునా నడిచే మిల్లును ముందు చూద్దాం, మిగిలినవి తర్వాత అనుకున్నారు. ఆ 'తర్వాత' ఇంతవరకూ రాలేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కూడా సీజనల్ ఫ్యాక్టరీని ఇ.ఎస్.ఐ.కి బయట పెట్టే మాట అలాగే ఉంది. అదే రోజు అమలైన వృత్తి భద్రతా కోడ్ ఇంకో మెట్టు కిందకు దించింది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో కరెంటుతో నడిచేచోట పదిమంది, కరెంటు లేనిచోట ఇరవైమంది ఉంటే ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో ఆ అంకెలు ఇరవై, నలభై అయ్యాయి. చిన్న మిల్లు కార్మికుడి రోగం అలాగే ఉంది, అతని మిల్లు మాత్రం ఫ్యాక్టరీ కాకుండా పోయింది.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. 1984 భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పరిశ్రమల జాబితా చేర్చారు. పురుగుమందులు తయారుచేసే పరిశ్రమ అందులో ఉంది. అక్కడ పనికి పెట్టుకునే ముందు వైద్య పరీక్ష, పనిలో ఉండగా ఏడాదికి ఒక్కసారైనా పరీక్ష, ఆరోగ్య రికార్డు అన్నీ చెయ్యాలన్నారు. బాగుంది. అదే డబ్బా లారీ ఎక్కి నరసరావుపేటలో కొట్టుకొచ్చి, చేలో మూత తీశాక దాని ప్రమాదం ఏమయింది? మూత తీసేది సాధారణంగా ఆడమనిషి. నీళ్లు మోసేదీ, మందు కలిపేదీ, పంపు నింపేదీ ఆమే. 1971 క్రిమిసంహారక మందుల నియమాల్లో వీటిని వాడే మనుషులకు కూడా వైద్య పరీక్షలుండాలని, ఆర్గానోఫాస్ఫరస్ మందులైతే రక్తంలో కోలినెస్టరేజ్ చూడాలని, రక్షణ దుస్తులివ్వాలని ఉంది. 1923 పరిహార చట్టం రెండో షెడ్యూలులో వ్యవసాయంలో మందు కొట్టే మనిషి కూడా పరిహారానికి అర్హుడే. అంటే కాగితమ్మీద హక్కు ఉంది. ఆ రక్తం తీసేదెవరు, పరీక్షించేదెక్కడ, జబ్బుకూ పనికీ సంబంధం ఉందని సంతకం చేసే డాక్టరెవరు? సంతకం లేకపోతే రోగం లేదు, రోగం లేకపోతే పరిహారం లేదు. సిబ్బంది లేకపోవడమంటే వైద్యం అందకపోవడమొక్కటే అనుకుంటాం. సాక్ష్యం కూడా పుట్టదు.

"అంతమంది రోగులుంటే ఆస్పత్రికి రావాలిగా, మా రిజిస్టరులో లేరే" అని అధికారులు అంటుంటారు. ఈ మాటకు జవాబు ఎప్పుడో దొరికింది. 2003 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోనే మూడు పత్తి ఊళ్లలో ఫ్రాంచెస్కా మన్చీని బృందం ఒక అధ్యయనం చేసి 2005లో అచ్చువేసింది. యాభైమంది ఆడవాళ్లు తమకూ తమ ఇంటి మగవాళ్లకూ మందు పనిలో ఏం జరిగిందో వాళ్లే నమోదు చేశారు. మొత్తం 323 సందర్భాల్లో 83.6 శాతం వాటిలో తేలిక నుంచి తీవ్రం దాకా విష లక్షణాలున్నాయి. కలిపే పని చేసిన ఆడవాళ్లకున్న ప్రమాదం కొట్టిన వాళ్లకు తక్కువేం కాదని తేలింది. పెద్ద భూస్వాములకంటే సన్నకారు వాళ్లకే ఎక్కువగా తీవ్ర విషప్రభావం కలిగింది. ఆరు శాతం సందర్భాల్లో నరాల మీద ప్రభావం చాలా తీవ్రంగా ఉన్నా ఒక్కరు కూడా డాక్టరు దగ్గరకు పోలేదు, ఆస్పత్రిలో చేరలేదు. ఈ ఒక్క వాక్యం ఆ రిజిస్టర్ల బండారం బయట పెట్టుద్ది. రోజు కూలి పోగొట్టుకుని, ఆటో ఛార్జీ పెట్టుకుని పోతే అక్కడ తన పని గురించి అడిగే మనిషే లేనప్పుడు ఎవరు పోతారు? పోనివాళ్లు లెక్కలోకి రారు. లెక్కలోకి రాని రోగానికి పోస్టు మంజూరు కాదు. పోస్టు లేదు గనక అడిగేవాళ్లు లేరు. ఈ గానుగ ఇలాగే తిరుగుతూ ఉంది.

మనకిదేం కొత్త కాదు. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు ఇవే రెండు జిల్లాల్లో రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కదిలించాయి. అప్పుల గురించి, నకిలీ మందుల గురించి, మద్దతు ధర గురించి చాలా రాశారు. రాయాల్సిందే. పురుగు చావక మళ్లీ మళ్లీ కొట్టించిన ఆ మందంతా ఎవరి భుజాల మీదనుంచి చేలోకి పోయిందో రాసినవాళ్లు తక్కువ. బీటీ విత్తనం 2002లో వచ్చాక కాయతొలుచు పురుగుకు కొట్టడం కొంతకాలం తగ్గింది. మిర్చిలో 2021-22లో నల్లతామర వచ్చి పడ్డాక మళ్లీ అదే కథ. మహారాష్ట్ర యవత్మాల్‌లో 2017లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోతే అది వార్త అయింది. ఒకేసారి చస్తే వార్త. విడివిడిగా, వాడకొకరు చొప్పున పోతే 'గుండాగిపోయింది' అంటారు.

పత్తి దుమ్ము విషయం కాస్త నిదానంగా చూడాలి. బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు పత్తి, జనుము లాంటి నారల దుమ్ము వల్ల వచ్చేది. ఇంగ్లండు దీన్ని 1941లోనే పరిహారమిచ్చే జబ్బుగా ఒప్పుకుంది. లాంకషైర్ మిల్లుల్లో రిచర్డ్ షిల్లింగ్ 1950లలో దీని మెట్లు గుర్తించాడు. మన చట్టాల్లోనూ ప్రకటించాల్సిన జబ్బుల జాబితాలో ఉంది. గుర్తుపట్టడానికి మొదట కావలసింది మిషను కాదు, ఒక ప్రశ్న: "సెలవు తర్వాత పనికెళ్లిన మొదటిరోజు ఛాతీ పట్టేస్తుందా?" దీన్ని సోమవారం జబ్బు అన్నది అందుకే. ఆదివారం విశ్రాంతి, సోమవారం మళ్లీ దుమ్ము.

అయితే మన జిన్నింగ్ కూలీకి ఆదివారమెక్కడిది? సీజను మొదలైతే పత్తి ఉన్నన్నాళ్లూ పని, లేనిరోజు సెలవు. వారానికొక సెలవు ఉన్న కార్మికుణ్ణి మనసులో పెట్టుకుని కట్టిన రోగనిర్ధారణ ఇది. మన దగ్గర అదే ప్రశ్నను "పత్తి సీజను మొదలైన వారంలో ఎట్టా ఉండుద్ది?" అని మార్చి అడగాలి. ఇది తెలిసిన మనిషి కావాలి. ఓపీలో మనిషికి రెండు నిమిషాలు కూడా దొరకని డాక్టరు దగ్గుకు కఫం పరీక్ష రాస్తాడు, క్షయ కాదని తేలితే దగ్గు మందూ ఆయాసం బిళ్లా ఇచ్చి పంపుతాడు. ఆయన చెడ్డవాడని మేం అనడం లేదు. ఆయన చేత చేయించే లెక్కల్లో ఈ జబ్బు లేదంటున్నాం.

2000లో కాటన్ టెక్నాలజీ మిషన్ వచ్చి మిల్లులను ఆధునీకరించింది. గింజపత్తిని మోసే చోట్ల బెల్టులు పెట్టించింది. దాని లక్ష్యం బేళ్లలో చెత్త తగ్గించడం. దూదిలో చెత్త ఎంతుందో కొలిచారు. మనిషి ఊపిరిలో దుమ్ము ఎంతుందో కొలవడం దాని పని కాదన్నారు.

మిర్చిలో ఇది ఇంకా మొహం మీద కొట్టినట్టుంటది. గుంటూరు మిర్చి యార్డు దేశంలోకెల్లా పెద్దది. ఫిబ్రవరి నుంచి మే దాకా లక్షల టిక్కీలు దిగుతాయి. కాయ కోసేది ఆడవాళ్లు, కల్లంలో ఎండబెట్టి తాలు ఏరేదీ, ముచ్చికలు తీసేదీ ఆడవాళ్లు. అందులో మాల మాదిగ వాడల ఆడవాళ్లు ఎంతమందో ఈ పత్రిక చదివేవాళ్లకు మేం చెప్పనక్కర్లేదు. టిక్కీలు మోసేది ముఠా కూలీలు. ఘాటుకు తుమ్ములు, దగ్గు, కళ్ల మంట, చేతులు రాత్రంతా మండటం. పసిపిల్లకు పాలివ్వడానికి ముందు చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట పోదని తల్లులు చెప్తారు. యార్డు మార్కెటింగ్ శాఖది, అది ఫ్యాక్టరీ కాదు. కోల్డ్ స్టోరేజీ మాత్రం 1948 చట్టం ప్రకారం ఫ్యాక్టరీయే, సరుకు శుభ్రం చెయ్యడం కూడా తయారీ ప్రక్రియే. కానీ ముచ్చికలు తీసే మనుషులు మేస్త్రీ మనుషులు, ఏ హాజరు పుస్తకంలోనూ ఉండరు.

కాయ సంగతి వేరు. 2003లో ఫ్రాన్సులో మన కారంలో సూడాన్ రంగు దొరికి యూరప్ గగ్గోలు పెట్టాక కాయకు పరీక్షలొచ్చాయి. గుంటూరులో స్పైసెస్ బోర్డు పరీక్షశాల ఉంది, యడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ పార్కు ఉంది. కాయ మీద మందు అవశేషం ఎంతుందో, బూజు విషం ఎంతుందో చూడటానికి రసాయన శాస్త్రవేత్తలున్నారు. పరాయిదేశపోడు తినే కాయ కాబట్టి దానికి సిబ్బంది వచ్చారు. అదే కాయను కోసిన ఆడమనిషి రక్తంలో అదే మందు ఎంతుందో చూడటానికి ఒక్క పోస్టు పెట్టమంటే డబ్బులేవంటారు.

2023 ఏప్రిల్ 6న చిలకలూరిపేట మండలం లింగంగుంట్లలో అప్పటి ప్రభుత్వం ఫ్యామిలీ డాక్టర్ పథకాన్ని మొదలుపెట్టింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇద్దరు డాక్టర్లని, ఒకరు 104 బండిలో ఊళ్లకు వెళ్తారని, గ్రామ క్లినిక్కులో నర్సింగ్ చదివిన కార్యకర్త ఉంటారని చెప్పింది. డాక్టరు ఊళ్లోకి రావడాన్ని మేం తక్కువ చెయ్యం. వాడకూ ఆస్పత్రికీ మధ్య ఉన్న దూరం మైళ్లలో కొలిచేదే కాదని మనకు తెలుసు. అయినా బండి వచ్చేది పగటిపూట. ఆ వేళకు బీపీ షుగరు ఉన్న ముసలమ్మలు అరుగు మీదుంటారు, కూలీలు చేలో ఉంటారు. బండిని చేలగట్టుకో మిర్చి కల్లానికో తిప్పాలన్న ఊహ పథకం రాసినవాళ్లకు రాలేదు. పని అనేది రోగచరిత్రలో భాగమని వాళ్లు చదువుకున్న కాలేజీ నేర్పి ఉంటే వచ్చేదేమో. పారిశ్రామిక ఆరోగ్యం మీద డాక్టర్లకు మూడు నెలల కోర్సు ఉంది, అది చదివినవాళ్లు పెద్ద కంపెనీలకు పోతారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ చదువుకు కుర్చీ లేదు.

మన ఉద్యమాల గురించి కూడా అనాల్సిందుంది. 1985 కారంచేడు, 1991 చుండూరు ఈ నేల మీదే జరిగాయి. చంపినవాళ్ల పేర్లు కోర్టుల దాకా తీసుకుపోయాం. అది మన చరిత్ర. 2020 మే 14న నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిర్చి కోతకెళ్లి వస్తున్న ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని కొట్టి కనీసం తొమ్మిదిమంది కూలీలు చనిపోతే పరిహారం కోసం అడిగాం, మర్చిపోయాం. నలభై ఏళ్లకే ఆయాసంతో మంచం పట్టే ఆడమనిషి గురించి అడగను కూడా అడగలేదు. ఆమె రోగాన్ని మనమూ 'ఒంట్లో బాగోలేదు' అనే అనుకున్నాం. డాక్టరు పోస్టుల్లో రోస్టరు కోసం, బ్యాక్‌లాగ్ కోసం పోరాడిన మనం అసలు మంజూరే కాని పోస్టు కోసం పోరాడలేదు. లేని పోస్టులో రిజర్వేషను ఎక్కడినుంచి వచ్చుద్ది? ఎర్రజెండా సంఘాలు ముఠా కూలి రేట్ల కోసం బాగా కొట్లాడాయి. వేతన ఒప్పందంలో ముక్కుకు గుడ్డ, చేతులు కడుక్కోను నీళ్లు, ఏడాదికొక ఊపిరి పరీక్ష అనే షరతులు ఎందుకు రాలేదో వాళ్లూ ఆలోచించాలి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1985లో వృత్తి ఆరోగ్య సేవల మీద 161వ ఒడంబడిక, 2001లో వ్యవసాయంలో భద్రత మీద 184వ ఒడంబడిక తెచ్చింది. రెండింటినీ మన దేశం ఆమోదించలేదు. ఢిల్లీ ఆమోదించేదాకా ఆగమని ఎవరూ అనలేదు. ఓపీ చీటీ మీద పేరు, వయసు, ఊరు పక్కన 'పని' అని ఒక గడి పెట్టించడానికి జిల్లా స్థాయిలో ఒక ఉత్తర్వు చాలు. కోలినెస్టరేజ్ పరీక్ష జిల్లా ఆస్పత్రిలో కాకుండా మందు కొట్టే నెలల్లో సామాజిక ఆరోగ్య కేంద్రంలో చేయించడం, ఖాళీగా ఉన్న మగ కార్యకర్త పోస్టుల్లో మండలానికి ఒకదాన్ని పని జబ్బుల కార్యకర్తగా మార్చి కూలి కుటుంబాల పిల్లల్ని అందులో వేసుకోవడం, ఇవి ఆస్తులు కరిగిపోయే ఖర్చులు కావు. ఆశా కార్యకర్తల్లో చాలామంది కూలి కుటుంబాల వాళ్లే. కాన్పుకు, టీకాకు ప్రోత్సాహకం ఇస్తున్నట్టే మందు సోకిన మనిషిని నమోదు చేస్తే ఇవ్వొచ్చు.

ఇన్ని చేసినా 30,000 అనే అంకె దగ్గర ఒక చిక్కు మిగులుద్ది. ఆ లెక్క ఊళ్లో ఇల్లున్నవాళ్లది. మిర్చి కోతలకు కర్నూలు పడమటి మండలాల నుంచి, కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపునుంచి, కుటుంబాలకు కుటుంబాలే వచ్చి చేల పక్కన గుడిసెలు వేసుకుంటాయి. వాళ్ల భాషలో దాన్ని సుగ్గికి పోవడం అంటారు. పని జబ్బులు ఎక్కువగా వచ్చే నెలల్లోనే ఊరి జనాభా పెరుగుతుంది, సిబ్బంది అంకె కదలదు. ఆ పిల్లలు ఇక్కడి అంగన్‌వాడీలో లేరు, ఆ తల్లుల పేర్లు ఇక్కడి ఆశా రిజిస్టరులో లేవు. కోసిగి రిజిస్టరులో వాళ్లకు 'ఊళ్లో లేరు' అని రాస్తారు. ఇక్కడ రాయడానికి పేజీయే లేదు. ఏప్రిల్‌లో దగ్గుతో వాళ్లు తిరిగి బండెక్కేటప్పుడు ఆ దగ్గు ఏ జిల్లా లెక్కలోకి వస్తుందో గుంటూరు, కర్నూలు జిల్లాల వైద్యాధికారులు కలిసి కూచుని తేల్చిన దాఖలా మాకైతే ఎక్కడా కనపడలేదు.